వంశమున వచ్చు కొవ్వు

మేము బరంపురపు తెలుగువారము. 1936లో ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు మా తాతగారు ఊరు మారలేదు. ఊరే మదరాసు రాజధానినుండి ఒడిస్సాకు మారినది. నాటినుండి పిల్లలకు సంబంధములు కుదుర్చుట మా పెద్దలకు కష్టమైనది. తెలుగు మాటలాడెడి కోడలు కావలెను, మన వంట తెలిసినది కావలెను. అందుచేత మేనరికము మాకు ఆచారమే కాక అవసరము కూడ అయినది. ఆ విధముగా భాష నిలిచినది, వంట నిలిచినది. వానితోపాటు మరియొకటియు నిలిచినదని మాకు ఇటీవలనే తెలిసినది.

మా యింటి మగవారు ఏబదియేండ్లు దాటరని బంధువులలో ఒక మాట కలదు. మా పెదతండ్రిగారు 46వ యేట, మేనమామగారు 43వ యేట గుండెపోటుతో పోయిరి. ఇరువురును బక్కపలుచనివారు, మాంసము ముట్టనివారు. కావలసినన్ని శాంతులు చేయించితిమి.

రెండేండ్ల క్రిందట మా తమ్ముని కుమార్తెను మా చెల్లెలి కుమారునకు ఇచ్చు ప్రస్తావన వచ్చెను. మా వంశకథ వినిన వైద్యుడొకరు ముందుగా ఇద్దరికిని రక్తపరీక్ష చేయింపుమనిరి. చెడు కొలెస్టరాలని వాడుకలో చెప్పు ఎల్.డి.ఎల్. పిల్లవానికి డెసిలీటరునకు 212 మిల్లీగ్రాములు, పిల్లకు 198 ఉండెను. అది 100 లోపున ఉండుట మేలు. 190 చేరినచో వంశపారంపర్యమేమో విచారింపవలెను. పిల్లవాని మడమవెనుక స్నాయువు లావెక్కియుండెను. చెప్పు ఒరసి కాయ కట్టినదని అందరము అనుకొనియుంటిమి. కొవ్వు అచ్చట పేరుకొనినదట.

కొలెస్టరాలు విషము కాదు. అది లేక కణపు పొర నిలువదు, పిత్తరసము పుట్టదు. శరీరమునకు కావలసినదానిలో అధికభాగము శరీరమే, ముఖ్యముగా కాలేయము, తయారుచేసికొనును. రక్తములో మిగిలిన ఎల్.డి.ఎల్.ను పట్టి లోనికి తీసికొను గ్రాహకములు కణములపై కలవని కనుగొన్న బ్రౌను, గోల్డ్‌స్టీను అను అమెరికను వైద్యులకు 1985లో నోబెలు బహుమతి వచ్చినది. మా వంటి కుటుంబములలో ఆ గ్రాహకములే కొరవడును. కావున కొవ్వు పుట్టినదాది రక్తములోనే తిరుగుచు ధమనుల గోడలలో చేరును. నొప్పి యుండదు, నీరసముండదు; పరీక్ష చేసిననే తెలియును.

లోకములో ఇంచుమించు 250 మందికి ఒకరికి ఈ లోపము కలదు. దక్షిణాఫ్రికాకు వలసపోయి తమలో తామే వియ్యమందిన ఆఫ్రికానర్లలో ఇంచుమించు 100 మందికి ఒకరు. క్విబెక్కులోని ఫ్రెంచివారిలోను అది హెచ్చే. కొలదిమంది దూరమేగి, వారి సంతతి లోలోపల సంబంధములు కలుపుకొనినపుడు పూర్వుని గుణముతోపాటు లోపము కూడ పలువురికి పంచుకొనిపోవును. ఇది చదివినపుడు మాకు మా పెండ్లిపత్రికలే గుర్తునకు వచ్చినవి.

తలిదండ్రులలో ఒకరికున్న బిడ్డకు సగము అవకాశము. ఇద్దరికినున్నచో నలుగురిలో ఒక బిడ్డకు రెండువైపులనుండియు వచ్చును. అట్టి బిడ్డకు బాల్యములోనే గుండెజబ్బు రావచ్చును. వైద్యుడీ మాట చెప్పినపుడు మా చెల్లెలు మారు పలుకలేదు. ఇంటికి వచ్చి, "అన్నయ్యా, నీ నోటితోనే వదినకు చెప్పుము" అనెను. చెప్పితిమి. సంబంధము ఆగినది. రాకపోకలు ఆరునెలలు ఆగినవి.

ఇక తిండి మాట. నూనెడబ్బాలపై "కొలెస్టరాలు లేదు" అని గొప్పగా అచ్చువేయుట చూచి మాకు నవ్వు వచ్చును. నువ్వులలోను ఆవాలలోను అది ఎన్నడు చెప్పుకొనదగినంత యుండెను గనుక? నేయి, కొబ్బరినూనె, పామాయిలులలోని సంతృప్తపు కొవ్వు మాత్రము ఎల్.డి.ఎల్.ను పెంచును. పప్పులు, కూరలు, పీచుపదార్థములు, నడక మేలుచేయును. కాని మా బోటివారికి పథ్యమొక్కటే చాలదు. 1970వ దశకములో ఎండో అను జపాను శాస్త్రజ్ఞుడు బూజునుండి తీసిన పదార్థము స్టాటిను మందులకు దారిచూపినది. ఆవకాయకు బూజు కనబడగానే జాడీ పారవేయు మనకు ఇది వింతయే! ఈ మందు కాలేయపు తయారీని తగ్గించి గ్రాహకములను పెంచును. బిడ్డను కోరు స్త్రీలు ముందుగానే వైద్యునితో చెప్పవలెను.

ఇంతవరకు మా యింట 31 మందికి పరీక్ష జరిగినది. 11 మందికి లోపము కలదు. వారిలో చిన్నవానికి 9 ఏండ్లు. పరీక్షల నకళ్లు జతచేసి ఇచ్ఛాపురము, టెక్కలి, పర్లాకిమిడిలోని దాయాదులకు ఉత్తరములు వ్రాసితిమి. ఇచ్ఛాపురమువారు నలుగురు పరీక్ష చేయించుకొనిరి. పర్లాకిమిడినుండి ఇంకను జవాబు రాలేదు.