మనవాళ్ళేనా?

ప్రతి వేసవిలో మా ఇంట్లో ఒక తంతు ఉంటుంది. మే నెలలో ఓ ఆదివారం పొద్దున్నే అమ్మని తీసుకుని సికింద్రాబాదు మోండా మార్కెట్‌కి వెళ్ళడం. ఆవిడ నాలుగు చోట్ల ముక్క కొరికి చూసి, ఐదో చోట బేరమాడి, కాయలు అక్కడే కొట్టిస్తుంది. నా పని సంచీ మొయ్యడం. ఇంజనీరింగ్ చదివించింది ఇందుకేనని ఆవిడ అభిప్రాయం అనుకుంటా :)

మొన్న అలా సంచీ పట్టుకుని నిలబడి ఉంటే అమూల్య మల్లాది నవల ‘ద మ్యాంగో సీజన్’ గుర్తొచ్చింది. 2003లో వచ్చింది. ఆవిడా మనలాగే ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత జర్నలిజంలో మాస్టర్స్ చేసి, ఇంగ్లీషులో నవలలు రాశారు. కొన్నేళ్ళు అమెరికాలో ఉండి డెన్మార్క్ వెళ్ళారు. ఇక కథంటారా, మనకి కొత్తేం కాదు. ఏడేళ్ళ తర్వాత అమెరికా నుంచి హైదరాబాదు వచ్చిన ప్రియ, నిక్ అనే అమెరికన్‌ని పెళ్ళి చేసుకోబోతున్నానని ఇంట్లో చెప్పాలి. ఇక్కడేమో ఒకపక్క అమ్మమ్మ ఇంట్లో ఆవకాయ పెడుతుంటారు, ఇంకోపక్క ఈ అమ్మాయికి సంబంధాలు చూస్తుంటారు. మేనమామ ప్రేమించి చేసుకున్న నీలిమ కూడా బ్రాహ్మల పిల్లే. అయినా మరాఠీ కాబట్టి ఆ ఇంట్లో పరాయిదే.

2004లో మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కథ మధ్యలో వంటలు ఎలా చెయ్యాలో చెప్పడం ఏమిటి, ఇంటి గుట్టు తెల్లవాళ్ళకి అమ్ముకోవడం కాకపోతే... అని ఆఫీసు క్యాంటీన్‌లో తెగ వాదించాను కూడా.

ఆ తర్వాత రెండు నెలలకి బెంగుళూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, నేనొకబ్బాయిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నా” అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “మనవాళ్ళేనా?”

ఏం చేస్తాడు, ఎలాంటివాడు, ఇవేవీ కాదు! అటువైపు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. “నువ్వు ఆ మాట అడగవనే ముందు నీకు చేశాను” అంది.

ఆ రాత్రి నవల మళ్ళీ తీశాను. ఈసారి కోపం రాలేదు, సిగ్గేసింది. రచయిత్రి సొంత కథ అని నేననను గానీ, తన ఇంటిని ప్రేమిస్తూనే భరించలేకపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి రాసిందని మాత్రం అర్థమైంది. మనిళ్ళల్లో ఆవకాయనీ, ఆ ప్రశ్ననీ ఒకే చేత్తో కలుపుతారు. కలిపేశాక ఉప్పొక్కటీ వెనక్కి తియ్యమంటే ఎలా?

ఈ గొడవ మనకొక్కళ్ళకే లేదులెండి. ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ (1925) రాసిన స్కాట్ ఫిట్జెరాల్డ్ తల్లి వైపువాళ్ళు ఐర్లండ్ నుంచి వలస వచ్చి, సెయింట్ పాల్‌లో కిరాణా టోకు వ్యాపారం చేసి బాగా సంపాదించారు. తండ్రి వైపుది మేరీలాండ్‌లో పాత వంశం, డబ్బు మాత్రం లేదు. డబ్బున్న ఐరిష్ వైపువాళ్ళు తండ్రి వైపువాళ్ళని చిన్నచూపు చూసేవారనీ, ఈ రెంటి మధ్యా పెరిగి తనకి ఆత్మన్యూనత పట్టుకుందనీ 1933లో జాన్ ఒహారాకి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఒహారా కూడా ఐరిష్ మూలాలున్న నవలాకారుడే. అలాంటివాడికే చెప్పుకోవాలనిపించి ఉంటుంది.

చెల్లెలి పెళ్ళి జరిగింది. అమ్మకి నచ్చజెప్పడానికి రెండేళ్ళు పట్టింది. అప్పట్నుంచీ ఏటా బెంగుళూరుకి విడిగా ఒక జాడీ పెడుతుంది. “వాళ్ళ అత్తగారు కారం తక్కువ తింటారు” అని గుర్తుపెట్టుకుని మరీ కలుపుతుంది. జాడీ ప్రతి ఏడూ వెళుతుంది. అమ్మ మాత్రం ఆ ఇంటికి ఇప్పటిదాకా వెళ్ళలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులు, రైలెక్కలేను అంటుంది.

మోండా మార్కెట్‌లో రెండు గంటలు నిలబడుతుంది. నేనూ గట్టిగా అడగను.