గురువుకి రెండు మాత్రలు

డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మూడు బిట్లకి 8 కాంబినేషన్లు అనగానే నాకు మా స్కూల్ తెలుగు మేడం గుర్తొచ్చారు. గురువు, లఘువులతో మూడక్షరాల గణాలూ ఎనిమిదే కదా! బల్ల మీద తాళం వేస్తూ "యమాతారాజభానసలగం" నేర్పించారు.

కానీ మేడం గుర్తుండిపోయింది ఛందస్సు వల్ల కాదు. టెన్త్‌లో అమ్మ హాస్పిటల్లో ఉన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. "ఏం నాన్నా, మూడ్రోజుల్నుంచి లంచ్ బాక్స్ తేవట్లేదు?" అని ఆవిడే అడిగారు. అమ్మ ఇంటికొచ్చేదాకా రోజూ నాకూ క్యారేజీ తెచ్చారు.

లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మనకోసం ఆ రెండో మాత్ర ఆగేవాళ్లే గురువులు అనిపిస్తుంది. పాఠాలు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి ఫ్రెండ్స్, మన ఖాళీ చేతులు చూసేవాళ్లు దొరకరు.

మొన్న ఫోన్ చేస్తే మేడం సీజీపీఏ అడగలేదు. "తిన్నావా నాన్నా?" అన్నారు.