దోహా మీదుగా, షికాగో లేకుండా

హైదరాబాద్,
30 జులై 2024

చెల్లీ,

క్షేమంగా చేరాం. కొత్తగూడెంలో బండి ఎక్కగానే మీ బావ నడుం వాల్చారు. నాకు మాత్రం డోర్నకల్ దాటేదాకా నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి సికింద్రాబాద్. ఇప్పుడు పిన్నివాళ్ల ఇంట్లో ఉన్నాం. ఎల్లుండి తెల్లవారుజామున విమానం.

స్టేషన్‌లో అడిగావు కదా, "మొన్నటిదాకా షికాగోలో మారాలి అన్నావు, ఇప్పుడు నేరుగా డల్లాస్‌లోనే దిగుతాం అంటున్నావేం అక్కా" అని. సామాన్లు ఎక్కించే హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. వచ్చే ఏడాది నువ్వూ మరిదిగారూ న్యూజెర్సీ వెళ్లాల్సినవాళ్లు. అందుకని వివరంగా రాస్తున్నా. ఈ కాగితాలు ఫొటో తీసి నీ ఫోన్‌కి పంపుతాను. చదివి ఊరుకోకు, నోట్‌బుక్‌లో ఎక్కించి పెట్టుకో.

మా టికెట్లు డబ్బు పెట్టి కొన్నవి కావు, అల్లుడి మైళ్లతో తీసినవి. ఆఫీసు పని మీద తిరిగిన ప్రయాణాలకీ, క్రెడిట్ కార్డు వాడకానికీ కంపెనీ లెక్క రాసి ఇచ్చే పాయింట్లవి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు 1981 మే 1న మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ తర్వాత ప్రపంచంలో పెద్ద కంపెనీలన్నీ ఇదే బాట పట్టాయి. ఆ కంపెనీకీ, ఖతార్ ఎయిర్‌వేస్‌కీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కీ వన్‌వరల్డ్ అనే కూటమి ఉంది. ఒకరి మైళ్లు పెట్టి ఇంకొకరి విమానం ఎక్కవచ్చు. అమెరికన్ వాళ్ల విమానం హైదరాబాద్‌కి రాదు, ఖతార్ వాళ్లది వస్తుంది. అల్లుడి మైళ్లు మనదాకా వచ్చింది ఆ దారినే.

ఇండియా నుంచి అమెరికాకి ఈ కూటమి విమానాల్లో మామూలు తరగతికి మనిషికి 40,000 మైళ్లు. పన్నులు, ఎయిర్‌పోర్ట్ రుసుములు మాత్రం డబ్బుగా కట్టాలి. ఇక్కడ నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ 40,000 అనేది ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య లెక్క. మధ్యలో ఒకచోట మారినా రెండుచోట్ల మారినా అంతే. అంటే మారే చోటు తగ్గించుకుంటే మైళ్లు పెరగవు. మాకు మార్గం తెరిచింది ఈ ఒక్క విషయమే.

మరి మొదట్లోనే ఒక్క మార్పు టికెట్ ఎందుకు తియ్యలేదంటావేమో. విమానంలో ఖాళీ సీట్లు ఉన్నంతమాత్రాన మైళ్లకి ఇవ్వరు. ఏ విమానంలో ఎన్ని సీట్లు మైళ్లకి వదలాలో కంపెనీ ముందుగా లెక్కేసుకుంటుంది. అమ్ముడుపోతాయనుకున్నవి దాచుకుంటుంది. అల్లుడు వెతికిన రోజున దోహా నుంచి డల్లాస్‌కి ఒక్కటీ లేదు. దోహా నుంచి షికాగోకి రెండు దొరికాయి, షికాగో నుంచి డల్లాస్‌కి అమెరికన్ వాళ్ల విమానంలో రెండు దొరికాయి. ముందు వాటిని పట్టుకున్నాడు. సీటు చేతిలో పెట్టుకుని అంతకంటే మంచిదాని కోసం చూడటం వేరు, చేతిలో ఏమీ లేకుండా ఎదురుచూడటం వేరు. నువ్వు కూడా ఈ వరసే పాటించు.

షికాగో పేరు వినగానే మీ బావ మోకాలు పట్టుకునేవారు. అమెరికాలో మొట్టమొదట ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్. మన పెట్టెలు డల్లాస్‌కే రాసి ఉన్నా షికాగోలో బెల్టు మీంచి మనమే దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, ఇద్దరికీ నాలుగు. ఆ తర్వాత అయిదో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కి రైల్లో వెళ్లి, మళ్లీ సెక్యూరిటీ తనిఖీ. పదిహేను గంటల ప్రయాణం చేసి దిగిన మనుషులు, ఇంగ్లీషులో ఒకటికి రెండుసార్లు అడిగితేగాని అర్థంకాని మనుషులు ఇంత చెయ్యాలి. ఇమ్మిగ్రేషన్ వరసలో ఆలస్యమైతే అవతలి విమానం వెళ్లిపోతుంది. పాల్వంచ నుంచి హైదరాబాద్ డైరెక్ట్ బస్సు ఉండగా ఖమ్మంలో అర్ధరాత్రి మూటలతో దిగి ఇంకో బస్సు వెతుక్కున్నట్టుంటుంది.

హైదరాబాద్ నుంచే ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానం ఒకప్పుడు ఉండేది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి వారానికొకటి వేసింది. ఇప్పుడది లేదు. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా ఇంతమంది తెలుగువాళ్లతో నిండి ఉన్నా మన శంషాబాద్ నుంచి అమెరికాకి ఒక్క నేరు విమానం లేకపోవడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా మనకి ఉన్నంతలో మేలైనది ఒక్క మార్పు టికెట్టే. ఆ ఒక్క మార్పు కూడా అమెరికాలో కాకుండా ఇవతలే పడాలి.

పిన్ని పిలుస్తోంది. టికెట్ మార్చిన కథ దోహాలో రాస్తాను.

మీ అక్క

---

దోహా విమానాశ్రయం,
1 ఆగస్టు 2024

చెల్లీ,

శంషాబాద్‌లో చక్రాల కుర్చీ ఎక్కించిన దగ్గర్నుంచి మమ్మల్ని ఎవరో ఒకరు చేతులు మార్చి నడిపిస్తూనే ఉన్నారు. విమానంలో సగం మంది గల్ఫ్‌లో పనికి వెళ్లే పిల్లలు. నా పక్క సీటు అబ్బాయిది జగిత్యాల వైపు. నాకు బెల్టు పెట్టుకోవడం చూపించాడు. ఇక్కడ దిగి తన దారిన తను వెళ్తూ "పైలం పెద్దమ్మా" అన్నాడు. ఆ పిల్లల ప్రయాణం ముందు మనది ప్రయాణమే కాదు.

ఇక్కడ నడి హాల్లో ఒక పేద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది, నెత్తిన దీపం పెట్టుకుని. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. ఇంకాస్త అవతల గాజు కప్పు కింద చెట్లు పెంచారు. మీ బావ వాటిని చూసి కిన్నెరసాని అడవిని తలుచుకున్నారు. మేం కూర్చున్న చోటు నుంచే డల్లాస్ బోర్డు కనబడుతోంది, కాబట్టి నిదానంగా రాయొచ్చు.

టికెట్ సంగతి. షికాగో టికెట్లు తీశాక కూడా అల్లుడు దోహా నుంచి డల్లాస్‌కి మైళ్ల సీట్ల కోసం చూస్తూనే వచ్చాడు. ఈ సీట్లు ఒకసారి లేవంటే ఇక లేవని కాదు. ఎవరో రద్దు చేసుకుంటే తిరిగొస్తాయి. అమ్ముడుపోవని తేలాక కంపెనీలు ప్రయాణం దగ్గరపడే వేళ కొన్ని వదులుతుంటాయి. జులైలో ఒక రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. డల్లాస్ విమానంలో సీటు వచ్చింది, కానీ ఒక్కటే. "నాన్నని దీంట్లో పంపి నువ్వు షికాగో మీదుగా వస్తావా" అంది. వద్దన్నాను. నడవలేని మనిషి ఒక విమానంలో, ఆయన మందుల సంచీ ఇంకో విమానంలోనా? అల్లుడు కూడా నా మాటే సరైందన్నాడు. రెండు సీట్లూ ఒకే రోజు ఒకే విమానంలో కనబడ్డాకే మార్చాడు.

మార్చిన పద్ధతి నువ్వు బాగా చదువు. పాత టికెట్ రద్దు చెయ్యలేదు. ముందు రద్దు చేసి, మైళ్లు వెనక్కి వచ్చాక కొత్తది తీద్దామనుకుంటే ఆ మధ్యలో సీట్లు ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. అందుకని అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి, పాత టికెట్ అలాగే ఉంచి, ఫలానా రోజు ఫలానా నంబరు విమానంలో ఇద్దరికీ మైళ్ల సీట్లు కనబడుతున్నాయని చెప్పి, అవతలి మనిషికి కూడా కనబడ్డాయని రూఢి చేసుకున్నాక, అదే బుకింగ్‌లో మార్పించాడు. 2020 నుంచి ఆ కంపెనీ ఇలాంటి మార్పులకి రుసుం తీసుకోవడం లేదు. దారి మారింది కాబట్టి ఎయిర్‌పోర్ట్ పన్నులు మళ్లీ లెక్కకట్టారు, అంతే.

అక్కడితో ఆగిపోతే పని సగమే అయినట్టు. పీఎన్ఆర్ అనే ఆరక్షరాల బుకింగ్ కోడ్ పాతదే ఉంటుంది, దాంట్లో కొత్త విమానాలు కనబడతాయి, చూసి అయిపోయిందనుకుంటాం. కానీ టికెట్ అనేది వేరు. దానికి 13 అంకెల నంబరు. అమెరికన్ వాళ్లదైతే 001తో మొదలవుతుంది. దారి మారినప్పుడు టికెట్‌ని మళ్లీ జారీ చెయ్యాలి, కొత్త నంబరు పడాలి. అది పడకపోతే బుకింగ్‌లో పేరుండి కూడా కౌంటర్లో బోర్డింగ్ పాస్ రాదు. అల్లుడు ఆ కొత్త నంబర్లు ఇద్దరివీ మెయిల్‌లో వచ్చేదాకా నిద్రపోలేదని అమ్మాయి చెప్పింది. మా ఇద్దరి నంబర్లూ నా పర్సులో కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఇంకొకటి. మైళ్లు ఒక కంపెనీవి, విమానం ఇంకో కంపెనీది అయినప్పుడు ఆ రెండో కంపెనీ దగ్గర మనకి ఇంకో పీఎన్ఆర్ ఉంటుంది. సీట్లు ఎంచుకోవడం, భోజనం, చక్రాల కుర్చీ అన్నీ దాంతోనే. టికెట్ మార్చాక పాత విమానానికి చెప్పుకున్నవి కొత్త విమానానికి వాటంతటవే వస్తాయని నమ్ముకోకూడదు. అమ్మాయి ఖతార్ వాళ్లకి విడిగా ఫోన్ చేసి మళ్లీ అన్నీ చెప్పింది: ఇద్దరికీ పక్కపక్క సీట్లు, మీ బావకి నడవా పక్కన, ఇద్దరికీ శాకాహారం, హైదరాబాద్, దోహా, డల్లాస్ మూడుచోట్లా చక్రాల కుర్చీ. ముసలివాళ్ల ప్రయాణంలో టికెట్ ఎంతో ఇవీ అంతే.

పిలుస్తున్నారు. ఇక డల్లాస్‌లోనే.

అక్క

---

ఇర్వింగ్, టెక్సాస్,
9 ఆగస్టు 2024

చెల్లీ,

చేరగానే ఫోన్ చేశాం కాబట్టి నీకు తెలిసిందే. అయినా దిగిన సంగతి రాయాలి.

దోహా నుంచి దాదాపు పదహారు గంటలు. పొద్దున ఎక్కితే అదే తేదీన మధ్యాహ్నం దిగాం. చుట్టూ ఎంతమంది మనవాళ్లో! గుంటూరు, కరీంనగర్, నెల్లూరు, అందరూ మనలాగే కూతుళ్ల దగ్గరికో కొడుకుల దగ్గరికో. ఒకావిడ ఇదే విమానం కోసం ప్రయాణం రెండు వారాలు వెనక్కి జరుపుకుందట. అమెరికాలో విమానం మారనక్కర్లేదనే ధైర్యానికి ఆ రెండు వారాలు ఎక్కువ కాదు అంది. నా మనసులో మాట ఆవిడ నోట విన్నాను.

ఇమ్మిగ్రేషన్‌లో ఎవరి దగ్గరికి, ఎంతకాలం, తిరుగు టికెట్ ఉందా అని అడిగారు. సామాన్లో తినేవి ఏమున్నాయంటే ఆవకాయ, కారప్పొడి, అరిసెలు అని ఉన్నదున్నట్టు చెప్పాను. పంపించారు. చక్రాల కుర్చీ తోసే అమ్మాయి పెట్టెలు దింపించి, బయటికి తెచ్చి, మనవరాలి ముందు నిలబెట్టింది. షికాగో మీదుగా వచ్చి ఉంటే అదే సమయానికి ఇంకా టెర్మినల్ మారుతూ ఉండేవాళ్లం. మీ బావ ఆ రాత్రి మోకాళ్లకి మందు రాయమని అడగలేదు. అల్లుడు రాత్రుళ్లు కూర్చుని చేసిన పనికి అంతకంటే ఫలితం ఏం కావాలి!

5వ తేదీన నువ్వు పంపిన వీడియో మీ బావ చూశారు. మన పాల్వంచ కేటీపీఎస్ విద్యుత్ కేంద్రంలో పాత స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదీ ఒక్క పూటలో నేలకూలాయి. తన ఉద్యోగం మొత్తం ఆ టవర్ల కిందే గడిచింది. కొత్తగూడెం నుంచి వస్తుంటే అవి కనబడగానే ఇల్లొచ్చేసిందనుకునేవాళ్లం. ఏడో దశ 800 మెగావాట్లతో 2018లో వచ్చింది, పాత 720 మెగావాట్ల కాలం అయిపోయింది, అది ఆయనకీ తెలుసు. అయినా ఆ వీడియో చూశాక మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రం మనవరాలు పార్కుకి తీసుకెళ్లింది. ఇక్కడ 2014లో పెట్టిన గాంధీ విగ్రహం ఉంది. దాని చుట్టూ తిరిగి వచ్చాక కాస్త మాట్లాడారు. మాట్లాడిందీ తిరుగు ప్రయాణం గురించే. దసరాకి పెద్దమ్మ గుడికి వెళ్లాలట.

తిరుగు టికెట్లు కూడా మైళ్లవే. రాకకీ పోకకీ విడివిడిగా తీశారు. ఒకటి మార్చితే రెండోది కదలదు, అది మంచి ఏర్పాటు. ఇప్పటికి డల్లాస్ నుంచి ఫిలడెల్ఫియా, అక్కణ్నుంచి దోహా, హైదరాబాద్ అని ఉంది. వెళ్లేటప్పుడు ఫిలడెల్ఫియాలో మారడం షికాగోలో దిగినంత కష్టం కాదు, పెట్టెలు నేరుగా హైదరాబాద్‌లోనే తీసుకుంటాం. అయినా డల్లాస్ నుంచి దోహాకి రెండు సీట్లు వస్తే మార్చమని అల్లుడికి చెప్పాను. చూస్తున్నాడు.

ఇక నీ సంగతి. మీవాడి దగ్గర ఏ కంపెనీ మైళ్లున్నాయో ముందు కనుక్కో, ఏ విమానం ఎక్కగలరో దాన్ని బట్టే తేలుతుంది. ఎయిర్ ఇండియా 2014 నుంచి యునైటెడ్ ఉన్న స్టార్ అలయన్స్ అనే కూటమిలో ఉంది, కాబట్టి యునైటెడ్ మైళ్లుంటే ఢిల్లీలో ఒక్కసారి మారి న్యూయార్క్ వైపు వెళ్లొచ్చు. మారేది మన దేశంలోనే, హిందీతో నెట్టుకురావచ్చు. అబుదాబి మీదుగా వెళ్లే ఎతిహాద్ అయితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, అవతల దిగాక ఆ వరస ఉండదు. డబ్బుతో కొంటున్నా మైళ్లతో తీస్తున్నా పిల్లలు ముందు చూసేది ధర. వాళ్లని తప్పుపట్టను. వాళ్లు ఒంటరిగా ఒక సంచీతో తిరిగే వయసువాళ్లు, రెండుచోట్ల మారడం వాళ్లకొక లెక్క కాదు. మనకి ఏది కష్టమో మనం నోరు తెరిచి చెప్పాలి. మొహమాటపడి "ఏదైనా పర్లేదు నాన్నా" అని మాత్రం అనకు.

అమెరికన్ వాళ్ల సీట్లు ప్రయాణానికి 331 రోజుల ముందు తెరుచుకుంటాయి, మిగతా కంపెనీలవి కూడా కాస్త అటూఇటూగా అంతే. మీరు వచ్చే వేసవికి అనుకుంటున్నారంటే ఇప్పుడే సమయం. ఈ ఆదివారం మీవాడు ఫోన్ చేసినప్పుడు అడుగు: ఒకే మార్పు, అదీ అమెరికా చేరకముందే, ఇద్దరికీ ఒకే బుకింగ్‌లో. దొరక్కపోతే దొరికింది తీసి పెట్టమను, తర్వాత మార్చమని గుర్తుచేస్తూ ఉండు.

మరిదిగారికి నమస్కారాలు. మా ఇంటి తులసికి నీళ్లు పొయ్యి.

మీ అక్క