మీ దగ్గర ఎలా ఉంటుంది?

మానవ హక్కుల మీద ఎమ్మే చదవడానికి ఇంగ్లండ్ వచ్చాను గానీ, క్లాసులో నాకు వేరే డ్యూటీ వేశారు. బాల్యవివాహాల మాట వస్తే అందరూ నా వైపు తిరుగుతారు. ఇటుక బట్టీలు వచ్చినా నా వైపే. "మీ దగ్గర ఎలా ఉంటుంది?" అని మర్యాదగా, తల కొంచెం వంచి మరీ అడుగుతారు. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయిన సంగతి వచ్చినప్పుడూ నన్నే అడిగారు. ఢాకా మాది కాదు మొర్రో అన్నా వినరే! అక్కడ కుట్టిన బట్టలు ఏ దేశపు షాపులకొచ్చేవో ఆ దేశం పిల్లలే నా చుట్టూ కూర్చుని ఉంటారు. వాళ్లనెవరూ ఏమీ అడగరు.

పోయిన మంగళవారం పాఠం కఫాలా, అంటే గల్ఫ్‌లో వలస కార్మికుణ్ని యజమానికి కట్టేసే పద్ధతి. తెర మీద గల్ఫ్ పటం. వీసా యజమాని చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు కూడా చాలాసార్లు ఆయనే తీసుకుంటాడు, ఆయన సరేననకపోతే ఇంకో పనికి పోవడం చాలామందికి కుదరదు, చెప్పకుండా పోతే నేరం. మేడం బాగా చెప్పారు, అబద్ధమెందుకు. మాది జగిత్యాల పక్కన పల్లె. బాపు దుబాయ్‌లో సోనాపూర్ క్యాంపులో ఉండి షట్టరింగ్ పని చేశాడు. కంపెనీ వీసా, ఆజాద్ వీసా (పేరుకే యజమాని, పని మనమే వెతుక్కోవాలి), కఫీల్ (వీసా యజమాని), ఖల్లివెల్లి (చెప్పకుండా పోయినవాడు) అనే మాటలు మా ఊళ్లో బడికి పోని పిల్లలకూ తెలుసు. పాఠం అయ్యాక యథాప్రకారం: "మీ దగ్గర ఎలా ఉంటుంది?"

మా దగ్గర సంగతి సరే. మీ దగ్గర ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?

స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. నేను చేసేది ఓ కేర్ హోంలో. అక్కడ ఖమ్మం అక్క ఒకావిడ ఉంది. 2022 ఫిబ్రవరిలో ఈ దేశం కేర్ వర్కర్లకు వీసాలిస్తామంటే, పుస్తెలతాడు కుదువపెట్టి వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు భర్తనో పిల్లల్నో వెంట తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలైలో బయటి నుంచి అసలు తీసుకోమన్నారు. మధ్యలో వచ్చి పడ్డవాళ్లు కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ మీద బతుకుతున్నారు. కంపెనీ అక్రమాలు చేసి లైసెన్సు పోగొట్టుకుంటే, కార్మికురాలు 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా విమానమెక్కాలి. తప్పు కంపెనీది, పెట్టె సర్దుకునేది అక్క. అందుకే డ్యూటీ రోటాలో గంటలు కోసినా ఆమె నోరెత్తదు. "అడిగితే ఏమైతదో ఎవరికెరుక తమ్ముడూ" అంటుంది.

ఇళ్లల్లో పని చేయడానికి యజమానులతో పాటు వచ్చేవాళ్ల కథ ఇంకోటి. వాళ్లకు యజమానిని మార్చుకునే హక్కు ఉండేది. 2012లో తీసేశారు. విమర్శలొచ్చాక 2016లో తిరిగి ఇచ్చారు, ఆరు నెలల వీసా తీరేలోపు మార్చుకోవాలట. ఆరు నెలల్లో రెండు నెలలు అప్పుడే అయిపోయినవాళ్లకు ఎవరు పని ఇస్తారు? ఇది లండన్ సంగతి. ఏ పటం మీదా రంగు వేసి చూపించలేదు.

అలాగని గల్ఫ్, బ్రిటన్ రెండూ ఒకటేనని నేననను. అక్క పాస్‌పోర్టు అక్క బ్యాగులోనే ఉంది. యూనియన్‌లో చేరవచ్చు, ట్రిబ్యునల్‌కు పోవచ్చు. శనివారాలు ఇక్కడ నేనుండే ఊరి బజార్లో ఒక ముసలావిడ, తనకు ముక్కూమొహం తెలియని శరణార్థుల కోసం బోర్డు పట్టుకుని వానలో నిలబడుతుంది. ఆమెను చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. బాపు కోసం ఎవరు నిలబడ్డారు? శుక్రవారం ఫోన్ వచ్చేది. అమ్మ తర్వాత నాకిచ్చేది. "మంచిగ సదువుతున్నవా బిడ్డా" తర్వాత బాపుకు మాటలుండేవి కావు. వెనక కుక్కర్ కూతలు, ఎవరో కరీంనగర్ యాసలో తిట్టుకోవడం వినపడేవి. జీతం మూడు నెలలు రాలేదన్నది ఆయన తిరిగొచ్చాక గానీ మాకు తెలియలేదు.

మా దగ్గర అసలేమీ లేదని కాదు. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఉంది. శవపేటిక శంషాబాద్‌లో దిగితే ఊరికి చేర్చడానికి అంబులెన్సు ఉంది. బతికుండగా చేయాల్సినవే సరిగ్గా అందవు.

ఇక ఆ తలలు వంచి అడిగేవాళ్లకు నేను వేయదలచిన ప్రశ్న ఇదీ: వలస కార్మికుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబర్ 18న ఆమోదించిన ఒడంబడిక ఒకటుంది. గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ అందులో చేరలేదు. బ్రిటన్ చేరలేదు, అమెరికా చేరలేదు. ఇండియా కూడా చేరలేదనుకోండి, అది వేరే సిగ్గు. వచ్చే వారం సెమినార్‌లో ఎవరూ నా వైపు తిరగకముందే నేనే అడుగుతాను, మీ దగ్గర ఎలా ఉంటుందని.

ఈలోపు, చదువైపోయి స్పాన్సర్ కోసం తిరుగుతున్న మన పిల్లలకు ఒక మాట. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు, కంపెనీ లైసెన్సుకు అయ్యే ఫీజు కంపెనీదే. 2024 డిసెంబర్ 31 నుంచి దాన్ని కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని ఇక్కడ రూలుంది. ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే రసీదులు, వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి.