గిడ్డంగి మేడలు

గిడ్డంగి అన్న మాట మన భాషనుంచి బయలుదేరి చాలా దూరం ప్రయాణం చేసింది. 1886లో యూల్, బర్నెల్ పండితులు వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువును బట్టి, తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు సముద్రం దాటి మలయా భాషలో చేరినవి. అక్కడ ఆ మాటకు సరుకు దాచే కొట్టు అనీ, ఇటుకతోనో రాతితోనో కట్టిన ఇల్లు అనీ రెండర్థాలు వచ్చినవి. ఇంగ్లీషు వర్తకులు దాన్నే గోడౌన్ చేసి తిరిగి మనకు అప్పగించారు. సరుకు పడివుండే చోటు పేరే ఇంటికీ పేరు కావడం మాటల చరిత్రలో చిన్న వింత. లండను నగరంలో మాత్రం అది వింత కాదు, పెద్ద వ్యాపారం.

2023 వేసవిలో పదిరోజులు లండనులో వున్నాను. నా పూర్వవిద్యార్థి ఒకడు నన్ను టవర్ బ్రిడ్జికి దిగువన, థేమ్స్ దక్షిణపుటొడ్డున వున్న షాడ్ థేమ్స్ వీధికి తీసుకుపోయాడు. ఇరుకైన వీధి. రెండువైపులా ఎత్తయిన ఇటుక గోడలు. తలమీద, ఈ మేడనుంచి ఆ మేడకు ఇనుప వంతెనలు. ఒకప్పుడు వాటిమీదుగా పీపాలు దొర్లించేవారు. ఇప్పుడక్కడ పూలకుండీలు, కుర్చీలు వున్నవి. మేడల పేర్లు దాల్చినచెక్క, ఏలకులు, లవంగం! మన వంటింటి పోపుపెట్టెను తెరిచి వీధి పొడవునా పరిచినట్టుంది. సరుకుల పేర్లు భద్రంగా వున్నవి. మోసినవాళ్ల పేరు ఒక్కటీ నాకు కనిపించలేదు.

అక్కడి ముఖ్యమైన కట్టడం బట్లర్స్ వార్ఫ్. 1871-73 మధ్య కట్టారు. వలసదేశాలనుంచి తేయాకు, మసాలాదినుసులు ఈ గిడ్డంగులకు చేరేవి. ఆనాడు లండను రేవుల్లో పనికి హామీ లేదు. ఉదయాన్నే గేటు దగ్గర గుంపులో నిలబడి, మేస్త్రీ కంట పడితేనే ఆ పూటకు కూలి. 1889 ఆగస్టులో రేవు కార్మికులు గంటకు ఆరు పెన్నీలు కావాలని సమ్మె కట్టారు. అంతకుముందు దొరికేది అయిదు. ఆ ఒక్క పెన్నీ కోసం అయిదు వారాలు పస్తులున్నారు. ఆస్ట్రేలియా శ్రామికులు, వారి మిత్రులు దాదాపు 30,000 పౌన్లు చందా వేసి పంపారు. సమ్మె గెలిచింది. టామ్ మన్, బెన్ టిల్లెట్, జాన్ బర్న్స్ పేర్లు కార్మికోద్యమ చరిత్రలో నిలిచినవి.

తరువాత వచ్చిన శత్రువు మేస్త్రీ కాదు, ఇనుపపెట్టె. కంటైనర్లు మోసే పెద్ద ఓడలు ఊరి నడుమకు రాలేవు, రానక్కరలేదు. రేవు నది దిగువకు, టిల్బరీకి జరిగింది. బట్లర్స్ వార్ఫ్ 1972లో మూతపడింది. ఆ ఏడాది జూలైలోనే, కంటైనరు డిపోల దగ్గర పికెటింగు చేసిన అయిదుగురు రేవు కార్మికులను పెంటన్‌విల్ జైలులో పెట్టారు. సమ్మెలు దేశమంతా వ్యాపించేసరికి వారం తిరక్కుండానే వదిలిపెట్టారు. మనుషులు జైలునుంచి బయటకు వచ్చారు గాని, వారి పని మాత్రం తిరిగి రాలేదు.

ఖాళీ అంతస్తుల్లోకి 1970లలో చిత్రకారులు, సినిమాకారులు చేరారు. అద్దె తక్కువ, వెలుతురు ఎక్కువ. న్యూయార్కు సోహో పేటలో అంతకుముందే ఇది జరిగింది. ఆ పేట కథనే షారన్ జూకిన్ 1982లో ఒక పుస్తకంగా వ్రాసింది. కళాకారుడు పాడుబడ్డచోటికి ప్రతిష్ఠ తెస్తాడు, ఆ ప్రతిష్ఠకు ధర కట్టి పెట్టుబడి అతణ్నే వెళ్లగొడుతుంది. లండనులోనూ ఇదే క్రమం. 1981లో ప్రభుత్వం రేవుల అభివృద్ధికి ఒక కార్పొరేషను ఏర్పరచింది. ఆ దశాబ్దంలోనే టెరెన్స్ కాన్రన్ బృందం బట్లర్స్ వార్ఫును విలాసగృహాలుగా, భోజనశాలలుగా మార్చింది.

అటువంటి ఇంటిని వారు లాఫ్ట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే అటక. మనం పనికిరాని గంగాళాలు పడేసేచోట కాపురం వుండటానికి అక్కడ కోట్ల రూపాయలు పెడుతున్నారు. గృహవిక్రేతల అద్దాల్లో అతికించిన బొమ్మలు చూశాను. పూత లేని ఇటుక, పోత ఇనుప స్తంభం, బరువులు ఎత్తే పాత కొక్కెం, అన్నీ అలంకారాలే. శ్రమ చేసిన గాయాన్ని నగగా తగిలించుకోవడమంటే ఇదేనేమో!

ఇది పరాయి దేశపు వేడుకగా చూడలేకపోవడానికి నాకొక కారణం వున్నది. మా అమ్మ గుంటూరు దగ్గర పొగాకు గ్రేడింగులో ఇరవైయేళ్లు పనిచేసింది. రంగును బట్టి ఆకు ఏరడం, కట్టలు కట్టడం ఆమె పని. ఆ కోరుకు ఆమె దగ్గు నేటికీ తగ్గలేదు. మన ఆకు బ్రిటన్‌కూ ఎగుమతి అయ్యేది. ఆ గిడ్డంగి ఇటుక గోడ కూడా ఎర్రగా, అందంగానే వుంటుంది. రేపు ఎవరైనా దాన్ని బాగుచేసి “పొగాకు మేడ” అని పేరుపెట్టి అమ్మితే, కొన్నవాడు ఆ గోడను మెచ్చుకుంటాడు. ఆ దగ్గును గురించి అతనికి ఎవరు చెబుతారు?

నా విద్యార్థి అక్కడ చదువుకుంటూ సాయంకాలాలు సైకిలు మీద భోజనపు పొట్లాలు చేరవేస్తాడు. “ఈ మేడలకు చాలాసార్లు వచ్చాను మాస్టారూ. లోపలి గది ఎట్లా వుంటుందో నాకూ తెలీదు. గుమ్మం దాకానే మన పని” అన్నాడు. అంటే ఈ గిడ్డంగులకు మోత ఆగిపోలేదన్నమాట. మూట మారింది, మోసేవాడు మారాడు, పూటకూలి పద్ధతి మాత్రం సెల్‌ఫోనులోకి దిగింది. మేస్త్రీ చూపు కోసం గేటు దగ్గర నిలబడినట్టే ఇతడు ఫోను మోగడం కోసం వీధిమూల నిలబడతాడు.

అయితే పాత కట్టడాలను కూల్చమందామా? కాదు. కట్టడం నిలవడం మంచిదే. అది ఎవరికోసం నిలిచిందన్నదే ప్రశ్న. దీనికి జవాబు అదే నది ఒడ్డున, కాస్త ఎగువన వున్నది. కాయిన్ స్ట్రీట్ ప్రాంతంలో ఆఫీసు మేడలు కట్టడానికి సిద్ధమైన పెట్టుబడిదారులను స్థానిక ప్రజలు ఏళ్ల తరబడి ఎదిరించారు. 1984లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ అక్కడి 13 ఎకరాలను ఆ ప్రజల సంస్థకు పది లక్షల పౌన్లకు ఇచ్చింది. విద్యుత్కేంద్రంగా మొదలై, తరువాత మాంసపు సారం కంపెనీ చేతికి వచ్చిన ఆక్సో టవర్ వార్ఫ్ కూడా అందులోదే. 1996 నాటికి దానిలో 78 ఇళ్లు సిద్ధమైనవి. ఇల్లు అవసరమైనవారి సహకార సంఘానికే ఆ ఇళ్లన్నీ. పై అంతస్తులో ఖరీదైన భోజనశాల పెట్టిన మాట నిజమే. పెట్టుబడి సముద్రం నడుమ ఏ దీవీ పూర్తిగా పొడిగా వుండదు. అయినా ఆ 78 కుటుంబాలూ నదిని తమ కిటికీల్లోనుంచే చూశాయి.

నది ఒకటే, ఇటుకలూ అటువంటివే. భేదమంతా భూమి ఎవరి చేతిలో వున్నదన్న దానిలోనే వున్నది. పాత కట్టడాన్ని చూసి మురిసేముందు దాని దస్తావేజు చదవడం మనం నేర్చుకోవాలి, మన విద్యార్థులకూ నేర్పాలి. మన ఊళ్లలో మూతపడ్డ మిల్లులు, ఖాళీ అయిన గిడ్డంగులు కొనేవాడికోసం ఎదురుచూస్తున్నవి. వాటిలో పనిచేసినవాళ్లు ఇంకా బతికే వున్నారు. అడిగితే చెబుతారు.