అండ్ సన్స్

మా నాన్న మైకుసెట్టు షాపు బోర్డు మీద ఆయన పేరు తర్వాత ‘అండ్ సన్స్’ అని ఉండేది. అన్నయ్యలిద్దరూ స్క్రూడ్రైవరు పట్టుకోగా నేను చూడలేదు. పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో రాత్రంతా మోగి చిరిగివచ్చిన స్పీకర్లకి కొత్త కోన్లు వేసింది అమ్మ. అందరి భోజనాలూ అయ్యాక, వంటింటి గట్టు మీద. దాన్ని మెకానిక్ పని అని ఎవరూ అనలేదు. అప్పడాలు ఒత్తినట్టు, ‘ఏదో కాస్త అతికించింది’ అనేవారు.

నాన్న పోయాక పంపకాల్లో ఎవరికీ అక్కర్లేని రెండు పన్నెండంగుళాల వూఫర్లు నేను అడిగి తెచ్చుకున్నాను, ఇంట్లో సబ్‌వూఫర్ చేసుకుందామని. కోఠీలో ఒక దుకాణానికి తీసుకెళితే, ‘సార్‌ని పంపండి మేడమ్, ఆయనకైతే వివరంగా చెప్తా’ అన్నాడు. సార్ లేరు. కాయిల్, స్పైడర్, కోన్ కొనుక్కుని వచ్చేసి, అమ్మని పిలిపించుకున్నాను.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి కళ్ళజోడు సర్దుకుని ముందు అడిగిన ప్రశ్న, ‘ఊరికి వినిపించాలా, గదికా?’ అని. అసలు విషయమంతా అందులోనే ఉంది. చిన్న ఆంప్లిఫయరుతో వీధంతా నింపాలంటే కోన్ తేలిగ్గా, బిగువుగా ఉండాలి. గదిలో ముప్ఫై, నలభై హెర్ట్జ్ దాకా దిగాలంటే కోన్ కాస్త బరువుగా, స్పైడర్ మెత్తగా, కాయిల్ పొడుగ్గా ఉండాలి. బరువు పెరిగితే గట్టిదనం తగ్గుతుంది, ఆంప్లిఫయరుకి ఎక్కువ వాట్లు కావాలి. థీల్, స్మాల్ పేర్లతో 1960, 70లలో లెక్కల్లోకి వచ్చిన సంగతులివి. అమ్మకి వాళ్ళెవరో తెలియదు.

పాత కోన్, స్పైడర్ కోసేసి, జిగురు అసిటోన్‌తో నానబెట్టి గీకాం. అయస్కాంతాన్ని మాత్రం విప్పనివ్వలేదు. ఆల్నికోది విప్పితే బలం పోతుంది. కాగితం, జిగురు చస్తాయి గానీ అది అలాగే ఉంటుంది. కాయిల్ కదిలే సన్నని సందులోని ఇనప రజను టేపు అంటించి, లాగి తీసింది. పాత ఎక్స్‌రే ఫిల్మును పీలికలు చేసి కాయిల్ లోపల చుట్టూ దోపింది, నడిమధ్యన నిలవడానికి. స్పైడర్, ఆపైన కోన్, చుట్టూ అంచు అతికించి ఒక రోజు ఆరనిచ్చాం. పీలికలు తీశాక పదివేళ్ళతో కోన్‌ని సమంగా నొక్కుతూ చెవి పెట్టి వింది. ఎక్కడా రాసుకోలేదు.

బాస్ అంటే మగవాళ్ళ వ్యవహారమన్నట్టే మాట్లాడతారు ఈ పిచ్చి ఉన్నవాళ్ళు. మామూలు మగగొంతు మాట్లాడేటప్పుడు ఎనభై అయిదు హెర్ట్జ్ కిందికి సాధారణంగా దిగదు. సబ్‌వూఫర్ పని అక్కడినుంచి కిందికే. అది ఎవరి గొంతూ కాదు.

వైర్లు సోల్డర్ చేసి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తాకిస్తే కోన్ ముందుకొచ్చింది. పాజిటివ్ ఏదో ఎర్రరంగుతో గుర్తుపెట్టి, డస్ట్‌క్యాప్ అతికించాం. డబ్బా మీద ఎవరి పేరు రాయనని అడిగితే అమ్మ, ‘ముందు ఆ రెండోది ఇటియ్యి’ అంది.