కాలువ మీద కాపురం

లండన్‌లో రీజెంట్స్ కాలువ మీద, ఇనుప పడవలోనే మూడేళ్లుగా నా కాపురం. వెడల్పు ఏడడుగుల లోపే. చేతులు చాపితే రెండు గోడలూ దాదాపు అందుతాయి. ఇంటద్దె భరించలేక వచ్చాను గానీ, ఇప్పుడు వెళ్లమన్నా వెళ్లలేను.

సొంత రేవు లేని పడవ మామూలుగా ఒకేచోట 14 రోజులకు మించి ఆగకూడదని 1995 నాటి చట్టం. రెండు వారాలకోసారి తాళ్లు విప్పాల్సిందే. ఫోన్‌లో అమ్మ మొదటి ప్రశ్న, "ఇవాళ ఎక్కడ కట్టావురా?" పడవ పేరెత్తితే ఆవిడకి ధవళేశ్వరం లాకులే గుర్తొస్తాయి. ఇక్కడి లాకులు మనమే తెరుచుకోవాలి. తూములు ఎత్తి, నీళ్లు సమమయ్యేదాకా ఆగి, నడుం ఆనించి దూలాన్ని నెడితే గానీ తలుపు కదలదు.

కష్టమంతా చలికాలంలోనే. సోలార్ పలకలకు ఎండ చాలదు. అద్దాల మీద చెమ్మ కారి పక్క తడుస్తుంది. మరుగుదొడ్డి డబ్బా నిండితే, జ్వరంతో ఉన్నా మోసుకెళ్లి పారబోయాలి. నిలకడైన చిరునామా లేక డాక్టరు దగ్గర పేరు రాయించుకోవడానికే నెలలు పట్టింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. రెండు మూడేళ్లకోసారి పడవను గట్టెక్కించి అడుగున తారు పూయించాలి, లేకపోతే తుప్పు తినేస్తుంది.

ఈ వసంతంలో చుక్కాని పక్కనే, నుదుట తెల్ల నామమున్న నల్లటి నీటికోడి గూడు కట్టింది. ఎండు రెల్లు, ప్లాస్టిక్ పీలికలు, ఎవరిదో షూలేసు. రెండు వారాల గడువు పెంచమని అడిగి, పొదిగినన్నాళ్లూ ఇంజను వేయలేదు. పొద్దున్నే టీ పట్టుకుని కిటికీ తెరిస్తే, ఎర్రతలల పిల్లలు నా మోచేతి దగ్గరే ఈదుతున్నాయి.